గో, వెంట్, గాన్: కడప, కర్నూలు బడుల్లో ఇంగ్లీషు క్రియలు

ఇంగ్లీషులో ఎక్కువ క్రియలు భూతకాలంలో చివర ‘ఎడ్’ చేర్చుకుంటాయి. ‘వాక్’ అన్నది ‘వాక్డ్’ అవుతుంది, ‘కుక్’ అన్నది ‘కుక్డ్’ అవుతుంది. ఈ సూత్రానికి లొంగని క్రియలు రెండు వందలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. చిక్కేమిటంటే పోవడం, రావడం, తినడం, ఇవ్వడం, చూడడం, చెప్పడం వంటి నిత్యం పనిబడే క్రియలన్నీ ఈ గుంపులోనే ఉన్నాయి. వీటిలో ఒక్కొక్కదానికి మూడు రూపాలు నేర్చుకోవాలి: ‘గో, వెంట్, గాన్’, ‘ఈట్, ఏట్, ఈటెన్’, ‘గివ్, గేవ్, గివెన్’. మొదటిది మూలరూపం, రెండోది భూతకాలం, మూడోది ‘హావ్, హాజ్, హాడ్’ల పక్కన నిలిచే రూపం. కడప, కర్నూలు జిల్లాల్లో ఇంగ్లీషు చదువు వేళ్లూనుకున్నప్పటి నుంచీ ఈ మూడు వరుసల పట్టికను కంఠతా పట్టించడం బడి ఆచారం. సిలబసులు ఎన్నో మారాయి, పుస్తకాలు మారాయి, పట్టిక మాత్రం కదలలేదు.

పైకి అడ్డదిడ్డంగా కనిపించే ఈ రూపాల వెనక ఒక పాత క్రమం ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మూడు వందలకు పైగా క్రియలు చివర ఏమీ చేర్చుకోకుండా, లోపలి అచ్చును మార్చుకుని కాలాన్ని తెలిపేవి. ‘సింగ్, శాంగ్, సంగ్’లో ఇప్పటికీ ఆ పద్ధతే కనబడుతుంది. పండితులు వాటిని ఏడు తరగతులుగా విభజించారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక చాలాకాలం ఇంగ్లీషు రాజసభకు దూరమై రైతుల నోట, కూలీల నోట మిగిలింది. ఆ కాలంలో ఎన్నో క్రియలు పాత రూపాలను వదిలి సులువైన ‘ఎడ్’ దారి పట్టాయి. ‘హెల్ప్’కు ఒకప్పుడు భూతకాలం ‘హోల్ప్’. ఇప్పుడది ‘హెల్ప్డ్’. రోజూ వాడేవి మాత్రం అరిగినా మారలేదు. ‘గో’ సంగతి ఇంకా వింత. దాని సొంత భూతకాల రూపం ఎప్పుడో పోయింది. తిరగడం, వెళ్లడం అనే అర్థమున్న ‘వెండ్’ అనే వేరే క్రియ తన ‘వెంట్’ను దానికి ఇచ్చింది.

రెండో రూపానికీ మూడో రూపానికీ ఇప్పుడున్నంత కచ్చితమైన హద్దు ఇంగ్లండులోనూ ఒకప్పుడు లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో పేరున్న రచయితలు కూడా ‘హావ్ రోట్’ అని రాసేవారు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాధికారి తన వ్యాకరణంలో దాన్ని తప్పుగా తేల్చి, ‘హావ్ రిటెన్’ అనే రాయాలన్నాడు. 1795లో లిండ్లీ మర్రే అనే అమెరికన్ న్యాయవాది యార్క్ దగ్గర స్థిరపడి రాసిన వ్యాకరణం ఆ తీర్పులన్నిటినీ బడిపిల్లల దగ్గరకు చేర్చింది. అందులో ఈ క్రియలు అక్షరక్రమంలో, మూడు నిలువు వరుసల్లో ఉంటాయి. మొదటి మాట ‘అబైడ్, అబోడ్, అబోడ్’. మామూలు సంభాషణలో ఎవరూ వాడని ఈ మాట అక్షరక్రమం పుణ్యమా అని మొదటి స్థానం దక్కించుకుని, తరాల తరబడి పిల్లల చేత పాఠంలో మొదటి వాక్కుగా పలికించుకుంది. ఇంగ్లీషు పాలన ఎక్కడికి పోతే మర్రే వ్యాకరణమూ, దాని వారసులూ అక్కడికి పోయాయి.

ఆ పాలన ఈ సీమకు 1800లో వచ్చింది. హైదరాబాదు నిజాం అలీ ఖాన్ మైసూరు యుద్ధాల్లో తన వాటాగా దక్కిన మండలాలను ఆ ఏడాది అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి ఒప్పజెప్పాడు. దత్తమండలాలన్న పేరు అలా పుట్టింది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో గాని రాలేదు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఈ మండలాలకు ప్రధాన కలెక్టరు. ఆయన వెళ్లిపోయాక వాటిని బళ్లారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. ఆ ఏడాది కంపెనీ గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించి ఊరిని స్వాధీనం చేసుకుంది. పూర్తి స్థాయి జిల్లాగా అది 1858లో ఏర్పడింది. కాబట్టి కడపకు ఇంగ్లీషు కచ్చేరీతో ఉన్న పరిచయం కర్నూలు కంటే దాదాపు నలభై ఏళ్లు పాతది.

కచ్చేరీ వచ్చినంత మాత్రాన ఇంగ్లీషు రాలేదు. రెవెన్యూ లెక్కలు మరాఠీలో నడిచేవి, ఫారసీకి మర్యాద ఉండేది, ఊళ్లో మాట తెలుగు. 1822లో, అప్పటికి మద్రాసు గవర్నరైన మన్రో ప్రతి జిల్లాలో బడులెన్ని ఉన్నాయో లెక్క పంపమన్నాడు. కడప కలెక్టరు పంపిన లెక్కలో 494 బడులు తేలాయి. పక్క బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మరింత వివరమైనది. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆ జిల్లాలో మొత్తం 533 విద్యాస్థలాలు ఉంటే 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు, 23 మరాఠీవి, 21 ఫారసీవి, 4 తమిళంవి, సంస్కృత విద్య చెప్పే చోట్లు 23. ఇంగ్లీషు బడి ఒక్కటి.

ఆ బడుల్లో చదువు సాగే తీరు తరవాతి కథకు ముఖ్యం. పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు, గుణింతాలు, ఎక్కాలు గొంతెత్తి పాడేవారు, పై తరగతి వాళ్లు అమరకోశం వల్లె వేసేవారు. ఒక పెద్ద పిల్లవాడు అందుకుంటే బడంతా వంత పాడేది. క్యాంప్‌బెల్ ఈ పద్ధతిలో కొంత మెచ్చుకున్నాడు, ఒకటి మాత్రం గట్టిగా తప్పుబట్టాడు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారు గానీ వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నది ఆయన ఫిర్యాదు. ఈయన ఊరికే కచ్చేరీలో కూర్చున్న దొర కాడు. 1816లో తెలుగు వ్యాకరణం రాసి అచ్చు వేయించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని వాదిస్తూ ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం వెలువడింది ఆ పుస్తకంలోనే. చిలకపలుకుల చదువును విమర్శించిన ఆ దొరగారి భాష కూడా, తీరా ఈ నేల మీదికి వచ్చాక, అదే చిలకపలుకుల దారిలో బతకాల్సి వచ్చింది.

ఇంగ్లీషు ఇక్కడి వాళ్లకు రాకముందే తెలుగు నేర్చుకోవడానికి ఒక ఇంగ్లీషువాడు కడపకు వచ్చాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820 ఆగస్టులో కలెక్టరుకు సహాయకుడిగా ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. మద్రాసు కాలేజీలో నేర్చిన కొద్దిపాటి తెలుగు కడప కచ్చేరీకి వచ్చే రైతుల మాట ముందు నిలవలేదు. తరవాతి కాలంలో కడపలో బంగళా కొని, పండితులను, లేఖకులను సొంత జీతాల మీద పెట్టుకుని ప్రతులు సేకరించి పరిష్కరింపజేశాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల గ్రంథాలయంగా మొదలై, తరవాత యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. బ్రౌన్ కడపలో ఉచితంగా బడులు కూడా నడిపాడు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువడ్డాయి. రెండు భాషల నుడికారాన్ని పక్కపక్కన పెట్టి చూపే ‘వాక్యావళి’ కూడా 1852 నాటిదే.

బ్రౌన్ ఎదుర్కొన్న చిక్కు తరవాత ఇక్కడి పిల్లలు ఎదుర్కొన్న చిక్కుకు సరిగ్గా తిరగేసిన రూపం. తెలుగు పండితులు చెప్పే వ్యాకరణంలో ఒక రూపం, ఊళ్లో వినిపించే మాటలో ఇంకో రూపం. కావ్యాల్లో ‘వచ్చెను’ అని ఉంటే, కడప బజారులో ‘వచ్చినాడు’, ‘వచ్చె’. ఆయన నిఘంటువులో వాడుక మాటకు చోటిచ్చాడు, పండితులు మొహం చిట్లించినా వెనక్కు తగ్గలేదు. కచ్చేరీకి వచ్చిన రైతు చెప్పేది అర్థం కావాలంటే రూపాలు తెలిస్తే చాలదు, వాక్యాలు వినాలి అని ఆయనకు ఉద్యోగమే నేర్పింది. వాక్యాల పుస్తకం వేయడానికి కారణం అదే అయి ఉండాలి. ఆ మెళకువ తరవాతి ఇంగ్లీషు బడికి అందకపోవడం ఈ ప్రాంతపు చదువులో పెద్ద లోటు.

ఇంగ్లీషు బడి మెల్లగా వచ్చింది. 1826లో మన్రో జిల్లాకు రెండు కలెక్టరేటు బడులు, తాలూకాకు ఒక తహసీల్దారీ బడి పెట్టాలని నిర్ణయించాడు. మొదటి వాటిలో పంతులుకు నెలకు 15 రూపాయలు, రెండో వాటిలో 9 రూపాయలు జీతం. ఆయన మరుసటి ఏడాదే పత్తికొండలో కలరాతో చనిపోయాడు. బడులు పదేళ్లు ఈడ్చి 1836లో మూతబడ్డాయి. ఈలోగా కలకత్తాలో 1835 నాటి మెకాలే వాదం గెలిచి ప్రభుత్వ డబ్బు ఇంగ్లీషు చదువు వైపు మళ్లింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వోద్యోగాలకు ఇంగ్లీషు చదివినవాళ్లకు ముందు పీట వేయమన్నాడు. పల్లె రైతుకు మెకాలే ఎవరో తెలియకపోయినా, ఉద్యోగం సంగతి వెంటనే అర్థమైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టి మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టాక, ఆ గడప దాటాలంటే ఇంగ్లీషు తప్పదని తేలిపోయింది.

మిషన్ బడులు ఈ పనిలో ముందున్నాయి. లండన్ మిషన్ తరఫున విలియం హొవెల్ 1822లోనే కడపలో కేంద్రం తెరిచాడు. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో స్థిరపడ్డారు. వాళ్లు నడిపిన కోల్స్ హైస్కూలు పేరు తెలియని వాళ్లు ఆ ఊళ్లో తక్కువ. ఈ బడుల్లో కొద్దిమందికైనా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల నోట వినే అవకాశం దొరికింది. మిగతా తాలూకా బడుల్లో పంతులు కూడా పుస్తకం చూసే నేర్చుకున్నవాడు. పై చదువుకు దారి ఇంకా దూరం. దత్తమండలాల కాలేజీ అనంతపురంలో 1916లో గాని రాలేదు. కర్నూలుకు ఉస్మానియా కాలేజీ 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ పూనికతో వచ్చింది. అప్పటిదాకా మెట్రిక్యులేషన్ దాటినవాడికి ఆ ఊళ్లో ఇంగ్లీషు చదువు అంతటితో సరి.

వినే అవకాశం లేని చోట పుస్తకమే గురువు. మర్రే తరవాత ఈ పీఠం జె.సి.నెస్‌ఫీల్డ్‌కు దక్కింది. ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన ఈయన 1890లలో వేసిన వ్యాకరణాలు దేశమంతా పాకాయి. లోపలి అచ్చు మార్చుకునేవి బలమైన క్రియలు, చివర ‘ఎడ్’ చేర్చుకునేవి బలహీన క్రియలు అని జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ చేసిన విభజనను నెస్‌ఫీల్డ్ భారతీయ బడిపిల్లలకు పరిచయం చేశాడు. ఆయన తరవాత వచ్చిన రెన్ అండ్ మార్టిన్ పుస్తకం 1930ల నుంచి ఇప్పటిదాకా రాజ్యమేలుతోంది. పి.సి.రెన్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు, ‘బో జెస్ట్’ అనే సాహస నవలతో పేరు పొందినవాడు. నవల చదివినవాళ్లు ఈ సీమలో ఎందరో గానీ, ఆ ఎర్ర అట్ట వ్యాకరణం లేని హైస్కూలు లేదు. స్వాతంత్ర్యం తరవాత దాన్ని సవరించి కొత్తగా తీర్చిదిద్దిన ఎన్.డి.వి.ప్రసాదరావు తెలుగువాడే. ఈ సంగతి గమనించకుండానే ఎందరో ఆ అట్ట తిప్పారు.

పుస్తకం ఇంగ్లండుదైనా, దాన్ని పిల్లల నోట పట్టించిన పద్ధతి వీధిబడిది. అమరకోశం వల్లె వేయించిన గొంతే ఇప్పుడు క్రియల పట్టిక అందుకుంది. సంస్కృతం చదివే పిల్లవాడు ‘రామః, రామౌ, రామాః’ అని మూడు దెబ్బల తాళంలో అప్పజెబితే, పక్క గదిలో ఇంగ్లీషు పిల్లవాడు అదే తాళంలో ‘గో, వెంట్, గాన్’ అన్నాడు. పంతులు బెత్తంతో బల్ల మీద కొట్టేది కూడా మూడేసి దెబ్బలే. ఇలా పాడడానికి వీలుగా కొన్ని గుంపులు ఏర్పడ్డాయి. ‘పుట్, పుట్, పుట్, కట్, కట్, కట్, హిట్, హిట్, హిట్’ అనే గుంపు అందరికీ ఇష్టం, మూడు చోట్లా ఒకటే మాట కనుక. ‘బ్రింగ్, బ్రాట్, బ్రాట్, బై, బాట్, బాట్, థింక్, థాట్, థాట్, టీచ్, టాట్, టాట్’ అనే గుంపు ప్రాసతో నిలిచిపోతుంది. ‘డ్రింక్, డ్రాంక్, డ్రంక్’ దగ్గర వెనక బెంచీలో నవ్వు వినబడేది. ‘రీడ్, రెడ్, రెడ్’ దగ్గర మంచి పిల్లవాడు కూడా తడబడేవాడు, రాతలో మూడూ ఒకటే, పలుకులో మొదటిది వేరు. ‘లై, లే, లెయిన్’ అంటే పడుకోవడం, ‘లే, లెయిడ్, లెయిడ్’ అంటే ఉంచడం. ఇందులో ఒకదాని రెండో రూపమే ఇంకోదాని మొదటి రూపం. ఈ ముడి విప్పలేని పంతుళ్లు ఈ రెంటినీ దాటవేసి ముందుకు పోయేవారు. ఇంగ్లండులో పుట్టినవాళ్లు కూడా ఈ చోట తప్పులు చేస్తారు కనుక ఆ పంతుళ్లను నిందించడం న్యాయం కాదు.

ఈ పద్ధతికి ఒక బలం ఉంది. బడి వదిలి ముప్పయ్యేళ్లయిన మనిషి కూడా నిద్రలో లేపి అడిగితే ‘రైట్, రోట్, రిటెన్’ అని చెప్పగలడు. పట్టిక గుర్తుండాలన్నదే లక్ష్యమైతే ఇంతకంటే గొప్ప పద్ధతి లేదు. బలహీనత వాక్యం దగ్గర బయటపడుతుంది. పట్టిక తప్పు లేకుండా అప్పజెప్పిన విద్యార్థే కాంపోజిషన్ నోటులో ‘హీ డిడ్ నాట్ వెంట్’ అని రాస్తాడు, ‘ఐ హావ్ వెంట్’ అని రాస్తాడు, ‘హీ ఈజ్ కేమ్’ అని రాస్తాడు. ఏ రూపం ఏ మాటో తెలుసు, ఏ రూపానికి ఏది చోటో తెలియదు. పంతులు ఎర్ర సిరాతో కొట్టేస్తాడు, ‘డిడ్ పక్కన మొదటి రూపమే రావాల’ అని సూత్రం చెబుతాడు, ఎందుకో చెప్పడు.

ఎందుకో చెప్పడానికి కావలసిన సామగ్రి ఆ పిల్లవాడి నోట్లోనే ఉంది. కడప, కర్నూలు పల్లెల్లో ‘వాడు వచ్చినాడు’ అంటారు. రాకపోతే ‘వచ్చినాలేదు’ అని ఎవరూ అనరు, ‘రాలేదు’ అంటారు, మాట వేగంలో ‘రాలా’ అవుతుంది. ‘పోయినాడు’కు కాదంటే ‘పోలా’, ‘తిన్యాడు’కు ‘తినలా’. అంటే కాదన్నప్పుడు భూతకాల రూపం పోయి మూలరూపం తిరిగి వస్తుంది, కాలం సంగతి ‘లేదు’ చూసుకుంటుంది. ఇంగ్లీషులో ‘కేమ్’ కాదంటే ‘డిడ్ నాట్ కమ్’ కావడం అచ్చం ఇదే పని. అక్కడ కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కాబట్టి క్రియ మూలరూపానికి వస్తుంది. పైగా ‘వచ్చు’ అన్న క్రియ కాదన్నప్పుడు ‘రా’గా మారడం కూడా ఇంగ్లీషు క్రియల వింతలకు తీసిపోదు. తెలుగులో క్రమం తప్పిన క్రియలు లేవనుకుని ఇంగ్లీషును చూసి నవ్వే హక్కు తెలుగువాడికి లేదు.

మూడో రూపం సంగతి ఇంకా ఆసక్తికరం. కోస్తా మాటలో ‘వచ్చాడు’ అంటే ‘కేమ్’ కావచ్చు, ‘హాజ్ కమ్’ కావచ్చు. తేడా చూపాలంటే ‘వచ్చి ఉన్నాడు’ అని పుస్తకపు మాట వాడాలి, మామూలు సంభాషణలో అది అతకదు. సీమ మాటలో ఆ తేడా పుట్టుకతోనే ఉంది. ‘మామ ఊరికి పోయినాడు’ అంటే పోవడం జరిగిపోయింది. ‘మామ ఊరికి పోయిండాడు’ అంటే పోయి ఇంకా అక్కడే ఉన్నాడు, ఇంట్లో లేడు. మొదటిది ‘వెంట్’, రెండోది ‘హాజ్ గాన్’. ‘నీకు ముందే చెప్పింటి కదా’ అన్నప్పుడు ‘హాడ్ టోల్డ్’ అనే భావం పలుకుతుంది. ‘నువ్వు వచ్చింటే బాగుండు’ అన్నది ‘ఇఫ్ యూ హాడ్ కమ్’. క్రియ పక్కన ‘ఉండు’ చేరి కాలానికి రెండో అంతస్తు కట్టే ఈ పద్ధతికి సరిహద్దు అవతలి కన్నడంలోనూ జోడీ ఉంది, ఈ ఊళ్ల ముస్లిముల దక్కనీ ఉర్దూలో ‘గయా’, ‘గయా హై’ అన్న తేడాలోనూ ఉంది. ఇంగ్లీషు పాఠంలో అన్నిటికంటే కష్టమైనదని పేరుపడ్డ భాగం ఇక్కడి పిల్లలకు పలుకుబడిలో ముందే తెలిసినదన్నమాట.

పోలిక అన్నిచోట్లా సరిపోదు. ‘నిన్న సినిమాకు పోయింటి’ అనడం సీమలో తప్పు కాదు. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తెస్తే ‘హాడ్ గాన్’ అవుతుంది, ఇంగ్లండువాడు అక్కడ ‘వెంట్’ చాలంటాడు. భారతదేశంలో చాలా ప్రాంతాల వాళ్ల ఇంగ్లీషులో ‘నిన్న’ పక్కన ‘హాడ్’ విరివిగా కనిపించడానికి ఇలాంటి ఇంటిభాషల అలవాటు ఒక కారణం. ఈ హద్దు కూడా పిల్లలకు చెబితే అర్థమయ్యేదే. కానీ బడి ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ‘పోయిండాడు’, ‘చెప్పింటి’, ‘పోలా’ లాంటి మాటలను తెలుగు పాఠంలోనే మోటు మాటలని కొట్టేయడం. తెలుగు నోటులో ఎర్ర సిరా పడిన మాటను ఇంగ్లీషు పాఠానికి ఆధారం చేసుకునే ధైర్యం ఏ పంతులుకు వస్తుంది? నిజానికి ఈ రూపాల వంశం చిన్నది కాదు. తెలుగులో దొరికిన అతి పాత శాసనాలు కడప జిల్లాలోనివే, ఆరో శతాబ్దం చివరి నాటి రేనాటి చోళులవి. ఎర్రగుడిపాడు శాసనంలో దానం గురించి చెప్పిన చోట ‘ఇచ్చిన’ అన్న రూపం ఉంది. ఇంగ్లీషు పట్టికలో ‘గివెన్’ చేసే పనినే చేసే ఆ మాట, ఆ జిల్లాలో ఇవాళ్టికీ అక్షరం మారకుండా వాడుకలో ఉంది.

మూడో రూపం తెలుగు మీద కూడా ఒక మచ్చ మిగిల్చింది. ‘ది లెటర్ వాజ్ రిటెన్’ అన్న వాక్యాన్ని తెలుగు చేయమంటే ‘ఉత్తరము వ్రాయబడెను’ అని చెప్పించడం బడిలో రివాజు. ఈ ‘బడు’ పూర్తిగా ఇంగ్లీషు సంతానం కాదు, సంస్కృతాన్ని అనుసరించిన పాత కావ్యాల్లోనూ ఉంది. పల్లెలో మాత్రం ‘ఉత్తరం రాసినారు’ అంటారు, ఎవరు రాసిందీ చెప్పనక్కర్లేకపోతే కర్తను వదిలేస్తారు, వాక్యం హాయిగా నిలబడుతుంది. ఇంగ్లీషు బడిలో అలవాటైన ‘బడు’ కచ్చేరీ కాగితాల్లోకి పోయి ‘తెలియజేయబడుచున్నది’గా స్థిరపడింది. అక్కడి నుంచి పత్రికల్లోకి వచ్చింది. కడప జిల్లా పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడంలోని చిక్కుల మీదే ‘అనువాద సమస్యలు’ అనే పుస్తకం రాశాడు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన అనుభవం ఆయనది. ఆ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, మూడేళ్లు ఆ హోదాలో ఉంది. హైస్కూళ్లలో తెలుగు మాధ్యమం బలపడి ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా మిగిలిన కాలం అది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పడి, వాక్య నిర్మాణాలను మెట్టుమెట్టుగా నేర్పే పద్ధతిని పంతుళ్లకు శిక్షణగా ఇచ్చింది. పట్టికలను పక్కన పెట్టి వాక్యాలు పలికించాలన్నది ఆ పద్ధతి సారం. శిక్షణ పొందివచ్చిన పంతులు మొదటి నెల వాక్యాలు పలికించేవాడు. పరీక్షలు దగ్గరపడేసరికి పట్టిక మళ్లీ బోర్డెక్కేది. ప్రశ్నపత్రంలో ఖాళీ గీత పక్కన బ్రాకెట్లో క్రియ ఇచ్చి సరైన రూపం రాయమంటారు, మార్కులు వచ్చేది అందుకు. తరవాత ఎప్పుడో ఈ మూడు రూపాల పేర్లు కూడా కుదించుకుపోయి ‘వీ వన్, వీ టూ, వీ త్రీ’ అయ్యాయి. ఇప్పుడు మూడో రూపానికి వ్యాకరణం పెట్టిన పార్టిసిపుల్ అన్న పేరు తెలియని పిల్లవాడికి కూడా వీ త్రీ అంటే తెలుసు.

బడి బయట పుస్తకాల అంగళ్లు ఈ పట్టికను ఇంకొంత దూరం మోశాయి. ముప్పై రోజుల్లో తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్పుతామనే చవక పుస్తకాలు బస్టాండు అంగళ్లలో దశాబ్దాలుగా అమ్ముడుపోతున్నాయి, ప్రతిదాని వెనకా క్రియల పట్టిక ఉంటుంది. నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడ్డాక పట్టిక అక్కడ కొత్త జీవితం మొదలుపెట్టింది. ఆ పరీక్షల్లో వాక్యాన్ని ముక్కలు చేసి ఏ ముక్కలో తప్పుందో కనిపెట్టమంటారు, ‘హాజ్ వెంట్’, ‘హాడ్ బిగాన్’ లాంటివి అక్కడ తరచూ ఎదురయ్యే ఉచ్చులు. అమెరికాకు పోయిన పిల్లలకు మాత్రం ఇంకో తికమక ఎదురైంది. రెన్ అండ్ మార్టిన్ ‘గెట్, గాట్, గాట్’ అని నేర్పితే, అక్కడివాళ్లు ‘గాటెన్’ అంటారు. అది అమెరికన్ల కొత్త కల్పన కాదు, ఇంగ్లండువాళ్లు వదిలేసిన పాత రూపాన్ని సముద్రం దాటినవాళ్లు దాచుకున్నారు. సీమ మాటలో కావ్యకాలపు ‘పోతిమి, వస్తిమి’ ఇంకా బతికి ఉండడం లాంటిదే అది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వివాదం కోర్టుల్లో ఉండగానే ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. మాధ్యమం ఏదైనా కావచ్చు, ఆ మూడు వరుసలు నేర్చుకోక తప్పదు. ఈ రెండు జిల్లాల ఇంగ్లీషు పంతుళ్లు చేయదగినది ఒకటుంది. బోర్డు మీద ‘వెంట్, డిడ్ నాట్ గో, హాజ్ గాన్’ అని రాసినప్పుడు, వాటి కింద ‘పోయినాడు, పోలా, పోయిండాడు’ అని కూడా రాయండి. పిల్లలు వాటిని మోటు మాటలంటే, కావంటూ సరిదిద్దండి.